చిన్నప్పటి భారీ రోబో బొమ్మలు: ఎంచుకోవడం నుంచి అద్దాల బీరువా దాకా

పాత రోబో బొమ్మల వేటలో దిగినవాళ్లలో చాలామందికి మొదటి కొనుగోలే నిరాశ మిగులుస్తుంది. పెట్టె తెరవగానే "ఇంత చిన్నదా? మోకాలు కూడా వంచదా?" అనిపిస్తుంది. ఇందులో బొమ్మ తప్పేమీ లేదు. మనసులో నిలిచింది తెర మీద కొండలు దాటి దూకిన రోబో. చేతికొచ్చింది ఆ రోబో పేరు పెట్టుకున్న లోహపు ముక్క. కాబట్టి డబ్బు తీయకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీకు కావలసింది తెర మీది రోబోనా, ఆ రోజుల్లో అంగడి అద్దం వెనక కనిపించిన బొమ్మా?

మజింగర్ జెడ్‌నే తీసుకోండి. గో నగాయ్ సృష్టించిన ఈ రోబో 1972 డిసెంబరులో జపాన్ టీవీలోకి వచ్చింది. 1974లో పోపీ సంస్థ జింకు మిశ్రమలోహంతో పోతపోసిన బొమ్మను 'చోగోకిన్' పేరుతో, జీఏ-01 నంబరుతో అమ్మింది. ఎత్తు సుమారు 12 సెంటీమీటర్లు. చేతులు తిరుగుతాయి, పిడికిలి స్ప్రింగుతో ఎగురుతుంది, దాదాపు అంతే. తెర మీది భంగిమలన్నీ పెట్టగల మజింగర్ కావాలంటే బందాయ్ 1997 డిసెంబరులో జీఎక్స్-01తో మొదలుపెట్టిన 'సోల్ ఆఫ్ చోగోకిన్' వరసకు వెళ్లాలి. రూపం మార్చుకునే రోబోల వరస ట్రాన్స్‌ఫార్మర్స్‌లోనూ అంతే: 1984 నాటి ఆప్టిమస్ ప్రైమ్, అంటే ట్రక్కుగా మారే రోబో, ఒక బొమ్మ, 2003లో టకారా మొదలుపెట్టిన 'మాస్టర్‌పీస్' వరసలోనిది పూర్తిగా వేరే బొమ్మ. కార్టూన్ మీదే మమకారమైతే నిస్సంకోచంగా కొత్తది కొనండి. ఎక్కువ ఖర్చు పెట్టి పాతది కొని, అది కదలడం లేదని బాధపడటంలో అర్థం లేదు. ఇక్కడినుంచి చెప్పేదంతా పాతవాటి గురించే.

మొదటి అడుగు: ఒక వరస పట్టుకోండి

అన్నీ ఒకేసారి సేకరించబోతే ఏదీ పూర్తికాదు. పైగా ఒక్కో వరసకు నేర్చుకోవాల్సిన పాఠం వేరు. ముఖ్యమైనవి నాలుగు.

పోపీ చోగోకిన్లు (1974 నుంచి 1980ల తొలినాళ్ల దాకా): బరువుగా ఉండే లోహపు బొమ్మలు. 1983లో పోపీ బందాయ్‌లో కలిసిపోయింది. కాబట్టి పెట్టె మీద పోపీ గుర్తు ఒక్కటే ఉంటే అది సాధారణంగా అంతకుముందు కాలందే.

జంబో మషిండర్లు (1973 నుంచి): సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు. షాంపూ సీసాలు చేసే పద్ధతిలోనే, పాలిథిలీన్‌తో లోపల డొల్లగా ఊదిన బొమ్మలివి. వీటిలో కొన్నింటిని మాటెల్ సంస్థ 1970ల చివర్లో 'షోగన్ వారియర్స్' పేరుతో అమెరికాలో అమ్మింది.

ట్రాన్స్‌ఫార్మర్స్ (1984 నుంచి): తొలి బొమ్మలకు అమెరికా సంస్థ హాస్‌బ్రో కొత్తగా అచ్చులు తయారుచేయించలేదు. టకారా అప్పటికే జపాన్‌లో అమ్ముతున్న 'డయాక్లోన్', 'మైక్రో చేంజ్' బొమ్మలకు కొత్త పేర్లూ కొత్త కథా ఇచ్చింది. ఆప్టిమస్ ప్రైమ్ డయాక్లోన్ నుంచి వచ్చాడు, పిస్తోలుగా మారే మెగాట్రాన్ మైక్రో చేంజ్ నుంచి వచ్చాడు.

గన్‌డమ్ ప్లాస్టిక్ కిట్లు: 1979లో మొదలైన గన్‌డమ్ కార్టూన్ ఆదరణ లేక 43 భాగాలకే ముగిసింది. ఆ తరువాత 1980 జులైలో బందాయ్ 1/144 కొలతలో (కథలోని రోబోలో 144వ వంతు) 300 యెన్‌లకు తెచ్చిన కిట్టు దాని రాత మార్చేసింది. ఆ తొలి కిట్లకు జిగురూ రంగూ మనమే వేసుకోవాలి. వీటిని బిగించని స్థితిలోనే సేకరిస్తారు గనుక, కింద చెప్పే మరమ్మతులు వీటికి పెద్దగా పనికిరావు.

వెతికేటప్పుడు ఒకే రోబోకు ఉన్న పేర్లన్నీ రాసిపెట్టుకోవాలి. గ్రెండైజర్ ఫ్రాన్స్‌లో గోల్డొరాక్, ఇటలీలో గోల్డ్రేక్. 1981 నాటి గోలయన్ 1984లో అమెరికాలో వోల్ట్రాన్ అయింది. గ్రేట్ మజింగర్ షోగన్ వారియర్స్‌లో 'మజింగా'గా వచ్చింది. మాక్రాస్ అనే కార్టూన్ కోసం టకటోకు సంస్థ చేసిన 1/55 వాల్కిరీ విమానం, ఆ సంస్థ దివాలా తీశాక, ట్రాన్స్‌ఫార్మర్స్‌లో జెట్‌ఫైర్‌గా తేలింది. ఒక పేరుతో ఆకాశాన్నంటే ధర, ఇంకో పేరుతో వెతికితే చాలాసార్లు నేలకు దిగుతుంది.

రెండో అడుగు: బొమ్మ దేనితో చేశారో గుర్తుపట్టండి

ఈ పనిలో సగం విద్య ఇదే. తుడవడానికి ఏం వాడాలి, జిగురు అంటుతుందా లేదా, ఎక్కడ పెట్టకూడదు అన్నవన్నీ పదార్థాన్ని బట్టే ఉంటాయి.

జింకు పోత: చల్లగా, బరువుగా ఉంటుంది. గోటితో తడితే లోహం మోత వినిపిస్తుంది. దీనికి రెండు జబ్బులు. మొదటిది, రంగు కింద పొక్కులు లేచి తెల్లటి పొడి రాలడం. తేమ వల్ల పైపొర మాత్రమే పాడైందని దీనికి అర్థం, పొడిచోట ఉంచితే ఆగుతుంది. రెండోది 'జింక్ పెస్ట్'. పోతలో సీసం, తగరం, కాడ్మియం వంటివి కలిస్తే లోహం లోపలినుంచే ఉబ్బి, ముగ్గు గీసినట్టు సన్నటి బీటలు వారి, చివరికి ముక్కలవుతుంది. దీనికి మందు లేదు. అయితే పక్క బొమ్మకు అంటుకుంటుందన్న మాట నిజం కాదు, జబ్బు ఆ పోతలోనే ఉంది. కొనబోయే బొమ్మ కాళ్లమీద, మూలల్లో సన్నటి గీతలతోపాటు ఉబ్బు కూడా కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

ఏబీఎస్ ప్లాస్టిక్: ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ఎక్కువ భాగం ఇదే. గట్టిగా, కాస్త మెరుపుగా ఉంటుంది. ఎండకు పసుపెక్కుతుంది. తెల్లటి జెట్‌ఫైర్ పసుపెక్కకుండా దొరకడం అరుదు.

క్రోమ్ భాగాలు: వెండిలా మెరిసే పిడికిళ్లూ తుపాకులూ లోహం అనుకుంటారు, చాలావరకు ప్లాస్టిక్కే. దానిమీద శూన్యంలో ఆవిరిచేసి పూసిన అతి పలుచని అల్యూమినియం పొర ఉంటుంది. స్పిరిట్‌తో గట్టిగా ఒక్కసారి రుద్దితే పోతుంది, మళ్లీ రాదు.

మెత్తటి వినైల్: టైర్లు, కొన్ని బొమ్మల తలలు. దీన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరి జిగటగా మారుతుంది. అది పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌ను, థర్మకోల్‌ను కరిగించేస్తుంది కూడా.

సుడులు తిరిగిన బంగారు రంగు ప్లాస్టిక్: 1980ల చివరినుంచి 1990ల దాకా వచ్చిన కొన్ని బొమ్మల్లో మెరుపు రజను కలిపిన బంగారు ప్లాస్టిక్ ఉంటుంది. 1988 నాటి ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ బ్లాక్ జరాక్ ఇందుకు పేరుమోసింది. దాన్ని కీలు దగ్గర కాస్త తిప్పితే చాలు, బిస్కెట్టులా విరుగుతుంది. పెట్టెలోంచి తీయని బొమ్మలోనూ ఇదే జరుగుతుంది. ఇలాంటిది కొంటే రూపం మార్చే ఆశ వదులుకుని కొనండి.

మూడో అడుగు: డబ్బు కట్టకముందు అడగాల్సిన ఫోటోలు

అమ్మేవాళ్లు పెట్టే ముందువైపు ఫోటో అమ్మకానికే తప్ప పరీక్షకు పనికిరాదు. ఇవి అడగండి: వెనకవైపు, అరికాళ్లు, స్క్రూ తలలు, బ్యాటరీ గది లోపలి భాగం, కాపీరైటు ముద్ర దగ్గరి ఫోటో, కీళ్లు పూర్తిగా చాపినప్పటి ఫోటో, విడిభాగాలన్నీ స్కేలు పక్కన పరిచిన ఫోటో. స్క్రూ తలలు చితికి ఉంటే ఎవరో లోపల చెయ్యి పెట్టారని అర్థం.

పాత రోబో బొమ్మ ధరలో పెద్ద వాటా చిన్న ముక్కలదే. ఆప్టిమస్ ప్రైమ్ ఒళ్లు ఎక్కడైనా దొరుకుతుంది. కష్టమంతా రెండు పిడికిళ్లు, తుపాకి, 'రోలర్' అనే చిన్న బండి, ఇంధనం గొట్టం సంపాదించడంలోనే. డయాక్లోన్‌లో అయితే అరికాళ్లలో అయస్కాంతం ఉన్న, 3 సెంటీమీటర్లు కూడా లేని పైలట్లు. చోగోకిన్‌లో మిసైళ్లు, ఎగిరిపోయి కనబడకుండా పోయిన పిడికిళ్లు. కాబట్టి విడి ముక్కలతో పూర్తిచేద్దామనుకుంటే ముందు ఆ ముక్కల ధరలు కూడి చూడండి. తరచూ పూర్తి బొమ్మే చవక పడుతుంది.

నకిలీలు, పునర్ముద్రణలు గుర్తుపట్టే పద్ధతి ఇది. బొమ్మ మీద అచ్చైన సంవత్సరం ఆ అచ్చు హక్కుల సంవత్సరమే గానీ మీ చేతిలోని బొమ్మ తయారైన ఏడు కాదు. 1980, 1982 అని రాసి ఉన్న బొమ్మ 2000 తరువాత కంపెనీయే మళ్లీ పోసినదై ఉండొచ్చు, అది మోసం కాదు. అసలు బొమ్మ నుంచి అచ్చు తీసి చేసిన నకిలీ మాత్రం కొలతలో దొరికిపోతుంది. ఏబీఎస్ చల్లారేటప్పుడు దాదాపు అర శాతం కుంచించుకుపోతుంది కాబట్టి 20 సెంటీమీటర్ల బొమ్మ నకిలీలో 1 మిల్లీమీటరు దాకా తగ్గుతుంది. వెర్నియర్ కాలిపర్‌తో ఒకే భాగాన్ని అసలుతో పోల్చి కొలిస్తే తెలుస్తుంది. ముద్రలోని అక్షరాల అంచులు మొద్దుబారి ఉండటం రెండో ఆనవాలు. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో రుద్దితే వేడికి గుర్తు బయటపడే చిన్న చదరపు స్టిక్కర్ 1985లో వచ్చింది. 1984 తొలి బొమ్మకు అది లేదని కంగారు పడనక్కర్లేదు.

జపాన్‌లో 'జంక్' అని పెట్టి అమ్మేవాటికి వాపసు ఉండదు. కానీ అక్కడి అమ్మకందార్లలో చాలామంది గీతను కూడా దాచకుండా చెబుతారు గనుక, విడిభాగాల కోసం ఈ విభాగమే మంచి గని. మెగాట్రాన్‌ను విదేశం నుంచి తెప్పించే ముందు తుపాకి ఆకారపు బొమ్మల మీద మీ కస్టమ్స్ నిబంధన చూసుకోండి. నిజం పిస్తోలులా ఉండటంతో దాన్ని కొన్ని దేశాల్లో ఆపేస్తారు.

నాలుగో అడుగు: చేతికి రాగానే

ఆత్రంగా రూపం మార్చకండి. చలిలో ప్రయాణం చేసి వచ్చిన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. గది వేడికి వచ్చేదాకా, కనీసం 4 గంటలు, పెట్టెలోనే వదిలేయండి. తరువాత అన్ని వైపులా ఫోటోలు తీసి, బ్యాటరీ గది తెరిచి చూడండి.

లోపల తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే అది ఏ రకం బ్యాటరీదో చూడండి. ఆల్కలైన్ బ్యాటరీ నుంచి కారేది క్షారం. ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి, పిండి, రేకు మీద మాత్రమే అద్దితే అది విరుగుతుంది. పాత జింక్-కార్బన్ బ్యాటరీ నుంచి కారేది ఆమ్ల గుణం కలది, దానికి వంటసోడా కలిపిన నీళ్లు కావాలి. రెంటిలో ఏది వాడినా ఆఖరున మంచినీళ్ల బడ్‌తో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. వెనిగర్ బొమ్మ లోహపు ఒంటిని తాకకూడదు, ఆమ్లం జింకును తినేస్తుంది. ఈ పనంతా చేతికి గ్లౌజులతోనే చేయాలి.

అయిదో అడుగు: విప్పడం

ఎక్కువ బొమ్మలు చచ్చేది ఈ దశలోనే. జపాన్ బొమ్మల స్క్రూలు చూడటానికి మామూలు ఫిలిప్స్‌లా ఉన్నా గాడి ఆకారం జపాన్ పారిశ్రామిక ప్రమాణమైన జేఐఎస్‌లో ఉంటుంది. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన ఆ గాడిలోకి పూర్తిగా దిగక జారి, తలను చెక్కేస్తుంది. జేఐఎస్ 0, 1, 2 సైజుల స్క్రూడ్రైవర్లు కొనుక్కోండి. తిప్పే బలం కంటే కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి.

వరస ఇలా ఉంటుంది. బొమ్మను మెత్తటి తువ్వాలు మీద బోర్లా పెట్టండి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి గుడ్ల ట్రే లాంటిది తీసుకుని, గుంటకొకటి చొప్పున, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అవతలివైపు పొడుచుకు వస్తుంది. పిడికిలి ఎగరేసే చేతిని విప్పేటప్పుడు మాత్రం పెద్ద పారదర్శక సంచిలో చేతులు పెట్టి లోపలే విప్పండి, లేదంటే వేలెడంత లేని ఆ స్ప్రింగు ఏ బీరువా కిందికి పోతుందో తెలియదు. రెండు సగాలు వేరుకాకపోతే బలవంతంగా లాగకండి. స్టిక్కరు కింద ఇంకో స్క్రూ దాగి ఉండటం మామూలే. వేలితో స్టిక్కరు మీద మెల్లగా తడిమితే గుంట తగులుతుంది. ఆ స్టిక్కరు అసలుదైతే దాన్ని ఎత్తడం కంటే ఆ భాగాన్ని విప్పకుండా వదిలేయడమే మేలు.

తిరిగి బిగించేటప్పుడు స్క్రూను గాడిలో పెట్టి, ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. 'టక్' అని చిన్నగా కిందికి జారిన చోట పాత మర దొరికినట్టు. అప్పుడు బిగించండి. నేరుగా బిగిస్తే స్క్రూ కొత్త మర కోసుకుంటుంది. రెండు మూడు సార్లు అలా జరిగితే ప్లాస్టిక్ గొట్టం నిలువునా చీలుతుంది. ఇంకా బిగిద్దాం అనిపించిన చోటే ఆపేయాలి.

ఆరో అడుగు: కడగడం

లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం చాలు. విడదీసిన ప్లాస్టిక్ భాగాలను మాత్రమే ముంచాలి. మెత్తటి కుచ్చు బ్రష్‌తో రుద్ది, కడిగి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. లోహపు భాగాలను, స్ప్రింగు ఉన్నవాటిని, స్టిక్కర్లు ఉన్నవాటిని ముంచకండి. తడి బడ్‌తో తుడిచి వెంటనే పొడిగుడ్డతో అద్దండి. జిడ్డు వదలకపోతే ఐసోప్రొపైల్ స్పిరిట్‌ను ముందు కనపడని మూలలో ఒక బడ్‌తో పరీక్షించండి. పారదర్శక కిటికీ భాగాలకు, రంగు వేసిన ముఖాలకు, క్రోమ్‌కు అదీ వద్దు. గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ ఏ ప్లాస్టిక్ దరికీ రాకూడదు.

1970ల నాటి రంగుల్లో సీసం ఉండొచ్చు. పెచ్చులూడుతున్న బొమ్మను పొడిగా గీకకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

ఏడో అడుగు: పసుపు, వదులు కీళ్లు, విరిగిన ముక్కలు

పసుపెక్కిన ఏబీఎస్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిపి తెల్లబరచవచ్చు. భాగాన్ని పూర్తిగా విడదీసి స్టిక్కర్లు, లోహం, క్రోమ్ ఏవీ లేకుండా చూసుకోవాలి. పారదర్శక డబ్బాలో 3 నుంచి 6 శాతం ద్రావణంలో పూర్తిగా ముంచి ఎండలో పెట్టి, గంటకోసారి తిప్పాలి. 4 నుంచి 8 గంటలు పడుతుంది. పైకి తేలిన చోట మచ్చలు పడతాయి కనుక ముక్క నీటి మట్టం దాటకూడదు. డబ్బా మూత బిగించకూడదు, లోపల ఆక్సిజన్ చేరి ఉబ్బుతుంది. గ్లౌజులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. అయితే కొన్నేళ్లకు పసుపు తిరిగి రావచ్చు, ప్లాస్టిక్ మరింత పెళుసు కావచ్చు. కొద్దిపాటి పసుపైతే వదిలేయడమే మా సలహా. పాతబడిన బొమ్మ పాతగా కనిపించడం దోషం కాదు.

వదులైన బంతి కీలుకు నీళ్లలో కలిసే అక్రిలిక్ ఫ్లోర్ పాలిష్‌ను బంతికి పలుచగా పూసి, విడిగా ఒక రాత్రి ఆరనిచ్చి, మళ్లీ పూయండి. రెండు మూడు పొరలకు పట్టు వస్తుంది. సూపర్ గ్లూ వాడేవాళ్లున్నారు. పూర్తిగా ఆరకముందే బిగిస్తే కీలు శాశ్వతంగా అతుక్కుంటుంది, దాని ఆవిరికి పక్కనున్న పారదర్శక భాగాలు మంచు పట్టినట్టు తెల్లబడతాయి. బిగుసుకుపోయిన కీలుకు హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి, ఆ తరువాత సిలికోన్ గ్రీజు ఆవగింజంత. తుప్పు వదిలించే స్ప్రేలు ప్లాస్టిక్ కీళ్ల మీద కొట్టకండి.

విరిగిన ఏబీఎస్‌కు దాన్ని కరిగించి అతికే ద్రావకపు జిగురు మంచిది. జంబో మషిండర్ పాలిథిలీన్‌కు మామూలు జిగురేదీ పట్టదు, రంగూ నిలవదు. విరిగిన చోట లోపలినుంచి సన్నటి లోహపు కడ్డీ దూర్చి నిలబెట్టడమే దారి. అమ్మేటప్పుడు ఇలాంటి మరమ్మతులు, కొత్తగా చేయించిన స్టిక్కర్లు, నకలు మిసైళ్లు అన్నీ చెప్పేయాలి.

ఎనిమిదో అడుగు: దాచడం

ఎండ తగలని గోడ, 18 నుంచి 22 డిగ్రీల వేడి, గాలిలో తేమ 40 నుంచి 50 శాతం. పది డిగ్రీలు ఎక్కువైతే చచ్చిపోవు గానీ, రోజూ వేడెక్కి చల్లారే అటక మాత్రం స్టిక్కర్ల జిగురును, పెట్టెల అట్టను తినేస్తుంది. బీరువాలో చిన్న తేమమాపకం, సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. పొట్లాల రంగు మారినప్పుడు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. దీపాలు ఎల్ఈడీవే కావాలి.

బ్యాటరీలు తీసేయండి. మిసైల్ స్ప్రింగులు సాగిన స్థితిలోనే ఉండాలి, నొక్కి పెడితే కొన్నేళ్లకు సత్తువ పోతుంది. వినైల్ టైర్ల కింద పాలియెస్టర్ షీటు ముక్క పెట్టండి, లేకపోతే అరలో టైరు ముద్ర పడి అక్కడే అతుక్కుంటుంది. జిగటగా మారిన వినైల్‌ను గట్టిగా మూసిన సంచిలో దాచకండి, గాలి ఆడాలి. రబ్బరు బ్యాండుతో తుపాకిని చేతికి కట్టే అలవాటు మానుకోండి, రబ్బరు కరిగి, దానిలోని గంధకం కొన్ని లోహాలను నల్లబరుస్తుంది. పాత పెట్టెను పీవీసీ కవర్లో కాక పాలీప్రొపిలీన్ కవర్లో ఉంచండి. చిరిగిన చోట మామూలు టేపు అంటించవద్దు.

ఇంకొకరికి పంపాల్సి వస్తే తుపాకులు, పిడికిళ్లు, క్షిపణులు విడివిడిగా చిన్న జిప్ సంచుల్లో వేసి, వాటి లెక్క ఒక కాగితం మీద రాసి ఫోటో తీయండి. పిడికిళ్లను చేతికి తగిలించి పంపొద్దు, దారిలో కుదుపుకు స్ప్రింగు వదిలిందంటే పెట్టె లోపలే కిటికీ పగులుతుంది.